నేను చూడకుండా చెరిపేసిన గుర్తు

మా బావ మా ఇంటికి వస్తే బెల్ నొక్కేవాడు కాదు. గేటు గొళ్ళెం పట్టుకుని టకటకమని కొట్టి, ఒక్క క్షణం ఆగి, చివరికి బలంగా వదిలేవాడు. ఆ మధ్యలో ఆగడం ఆయనకే చెల్లింది. పాలవాడైనా, కొరియర్ కుర్రాడైనా, పక్కింటివాళ్ళైనా ఎవరూ అలా ఆగరు. లోపల్నుంచి నేను "వస్తన్నాను బావా" అని కేకేస్తే, బయట్నుంచి "తొందరేటి లేదురా, గేటు పట్టుకుపోతానేటి" అనేవాడు. చేతిలో సంచి ఉండేది. అందులో మునగకాడలో, పెసలో, ఏదో ఒకటి.

నేను విజయనగరంలో ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. బావది శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్ళే దారిలో, వంశధార కాలువ నీటితో వరి పండించుకునే ఊరు. మా అక్కని ఆయనకిచ్చి చేశారు. మా వైపు అక్కని అప్ప అంటాం. నాకు ఊహ తెలిసేసరికే ఆయన మా ఇంటి మనిషి. సైకిలు తొక్కడం, ఈత కొట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఎదిరించి మాట్లాడడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మిగతా పెద్దవాళ్ళు ఊరుకోమనేవాళ్ళు. ఆయన మాత్రం "ఊఁ, తరవాత?" అనేవాడు.

కాలేజీలో చేరాక నేను ఒక సైన్సు ప్రచార బృందంలో కలిశాను. ఆదివారాలు ఊళ్ళకి వెళ్ళేవాళ్ళం. అరచేతిలో కర్పూరం వెలిగించి చూపించేవాళ్ళం. నిమ్మకాయ కోస్తే రక్తం ఎలా కారుతుందో, కొబ్బరికాయ మీద నీళ్ళు చల్లితే మంట ఎలా లేస్తుందో చూపించి, వెనక ఉన్న రసాయనమేమిటో విప్పి చెప్పేవాళ్ళం. దయ్యాలు పట్టాయని ఆడవాళ్ళని వేపమండలతో కొట్టే చోట్లకి వెళ్ళి గొడవపడిన రోజులూ ఉన్నాయి. ఆ పని చేసినందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు. అది చేయాల్సిన పనే. నా తప్పు అందులో లేదు. దాన్ని ఇంటికి మోసుకొచ్చిన తీరులో ఉంది.

ఒకసారి మా కార్యక్రమం బావ వాళ్ళ ఊళ్ళోనే పెట్టాం. ఆయన ముందు వరసలో కూర్చుని అంతా చూశాడు. ఇంటికొచ్చాక అరుగు మీద చుట్ట వెలిగిస్తూ అన్నాడు:

"ఒరే బామ్మర్దీ, మోసగాడి మోసం బాగా సూపించేవు. మరి మోసం సెయ్యనోడికి కనపడిన దాని సంగతేటి?"

"ఎవరికి కనపడింది బావా?"

"నాకే."

అప్పుడు చెప్పాడు. వాళ్ళమ్మ చనిపోయాక, ఆ ఏడాది కోతల రోజుల్లో మిట్టమధ్యాహ్నం గట్టు మీద అంబలి ముంత పట్టుకుని ఆమె నిలబడి ఉందట. ఎప్పుడూ నిలబడే చోటే. ఈయన కొడవలి కింద పెట్టి లేచేసరికి లేదట.

నేను వెంటనే మొదలుపెట్టాను. ఎండ, ఆకలి, అలసట, అలవాటు పడిన కన్ను, తల్లి మీద బెంగ. ఆయన చుట్ట పీలుస్తూ ఓపిగ్గా అంతా విన్నాడు.

"అయ్యుండొచ్చురా. నేను కాదన్నానేటి? కనపడింది, అంతే. ఉన్నాదనీ సెప్పను, లేదనీ సెప్పను. నువ్వు మాత్రం నా మాట అవకముందే జవాబు తీసీసేవు."

"మరి జవాబు తెలుసు కదా బావా."

"సరే అయితే. నేను పోయాక ఓసారి వచ్చి నీ సెవి మెలేసి ఎల్తాను. అప్పుడు ఎండా ఆకలీ అంటావేమో సూస్తాను."

"అసుర సందేళ ఆ మాటలేటి మీ ఇద్దరికీ! లేవండి, అన్నాలు తిందురు గానీ" అని అప్ప లోపల్నుంచి కేకలేసింది. ముగ్గురం నవ్వుకున్నాం.

బావకి బీపీ ఉందని, చుట్ట మానకపోతే కష్టమని శ్రీకాకుళంలో డాక్టరు చెప్పాక అప్ప నవ్వడం మానేసింది. ఆయన మానేశానన్నాడు. ఆవిడ నమ్మింది. ఒకరోజు పశువులశాలలో గడ్డి తీస్తుంటే చుట్టల కట్ట దొరికింది. అప్ప దాన్ని తీసుకెళ్ళి పొయ్యిలో పడేసింది. బావ కూలీల ముందే ఆవిడ మీద అరిచాడు. అప్ప మారు మాట్లాడలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా మాట్లాడలేదు. అన్నం వండేది, కంచం పెట్టేది, నీళ్ళు తోడేది, నోరు మాత్రం విప్పేది కాదు. మా ఇంటి ఆడవాళ్ళ కోపం అలాగే ఉంటుంది.

నూర్పుళ్ళ రోజు పొద్దున్న బావ కళ్ళానికి వెళ్తూ వంటింటి గుమ్మంలో ఆగి, "ఏటే, ఇంకా కోపవేనా?" అన్నాడట. అప్ప పొయ్యి వైపు తిరిగి కూర్చుందట. ఎండ నడినెత్తికి రాకముందే ఆయన కళ్ళంలో కుప్పకూలిపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

నేను వెళ్ళేసరికి వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. అప్ప నా చెయ్యి పట్టుకుని గోడ వారకి లాక్కెళ్ళింది. ఏడవడం లేదు.

"పలకలేదురా. గుమ్మంలో నిలబడి అడిగితే పలకలేదు."

"ఊరుకో అప్పా."

"కోపంతో ఎల్లిపోనాడేటిరా?"

"లేదు. బావ అలాంటోడు కాదు."

"నీకెలా తెలుసు?" అంది. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఎప్పుడూ జేబులో పెట్టుకు తిరిగే జవాబులేవీ పనికిరాలేదు.

దహనం అయ్యాక, పెద్దకర్మకి ముందు, కాలేజీ పని మీద ఒకసారి విజయనగరం వచ్చాను. నా భార్య అక్కడ అప్పకి తోడుగా ఉండిపోయింది. ఇంట్లో నేనొక్కణ్ణే. మధ్యాహ్నం అన్నం తిని, కంచం కడుగుతున్నాను. గేటు గొళ్ళెం చప్పుడైంది. టకటకమని కొట్టి, ఒక్క క్షణం ఆగి, బలంగా వదిలిన చప్పుడు.

"వస్తన్నాను బావా" అన్నాను.

తడి చేతులతోనే గేటు దాకా వెళ్ళాను. గేటు తీశాను కూడా. వీధిలో ఎవరూ లేరు. ఎదురింటి వాళ్ళ బట్టలు తీగ మీద కదలకుండా వేలాడుతున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది బావ లేడని. అంతవరకూ గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఏం చేశానో చెబుతాను. లోపలికెళ్ళి ఇనప తీగ ముక్క తెచ్చి, గొళ్ళెం కదలకుండా బిగించి కట్టేశాను. గొళ్ళెం వదులై ఉంటుందని, గాలికి కొట్టుకుని ఉంటుందని అనుకుంటూనే కట్టాను. గాలికి నిజంగా అలా మోగుతుందో లేదో ఒక గంట కూర్చుని చూడొచ్చు. నా విద్యార్థి ఎవడైనా అలా చూడకుండా రాసుకొస్తే రికార్డు వెనక్కి విసిరేసేవాణ్ణి. నేను మాత్రం చూడలేదు. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకి కూడా చెప్పలేదు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. మా వైపు చాలా ఇళ్ళలో పోయింది, కొన్నింట్లో ఇంకా మిగిలింది. పెద్దకర్మకి ముందు రోజు సాయంత్రం, పోయినవాళ్ళు పడుకునే గది అలికి, గోడల వార కాస్త వదిలి నేలంతా బియ్యప్పిండి జల్లించి పల్చగా పరుస్తారు. మూల దీపం పెట్టి తలుపు మూసేస్తారు. పొద్దున్నే తీసి చూస్తారు. పిండి మీద పిట్ట కాలో, దూడ గిట్టో, పసిపాదమో ఏదో ఒక గుర్తు పడితే మనిషి వచ్చి చూసుకుని వెళ్ళాడంటారు. మళ్ళీ ఏ జన్మ ఎత్తుతాడో ఆ గుర్తుని బట్టి చెబుతారు. ఏ గుర్తూ పడకపోతే మనసు నొచ్చుకుని, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయాడంటారు.

బావ పిన్నమ్మ, ఆ ఇంటికంతటికీ పెద్దావిడ, జల్లెడ పట్టుకుని పిండి పరుస్తుంటే అప్ప గోడకి ఆనుకుని చూస్తూ నిలబడింది. పరీక్ష ఫలితాల కోసం బోర్డు ముందు నిలబడిన పిల్లల మొహాలు నాకు తెలుసు. అప్ప మొహం అలా ఉంది. ఆ పిండి మీద ఏం పడుతుందన్న దాని మీదే ఆవిడ మిగతా బతుకు ఆధారపడి ఉందని నాకు తెలుసు. తెలియదని బొంకలేను.

వసారాలో బావ పెదనాన్న కొడుకు, ఎప్పుడూ నన్ను ఆటపట్టించే మనిషి, కుర్చీ దగ్గరకి లాక్కున్నాడు.

"ఏటి మేస్టారూ, రేప్పొద్దున్న గుర్తు పడితే ఏటంటారు మరి?"

"పడితే చూద్దాం."

"సూసీక కూడా లేదనే అంటారు. మీకు కళ్ళెందుకో నాకు తెల్దు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట గుచ్చుకుంది. అంతకంటే లోతుగా, ఎవరికీ చెప్పని ఆ గొళ్ళెం చప్పుడు గుచ్చుకుంటోంది. ఈ మనుషులతో పాటు నేనూ కొట్టుకుపోతున్నానేమోనన్న భయం పట్టుకుంది. నేను ఆ వైపు మనిషిని కానని ఎవరికో నిరూపించాలి. ఎవరికో కాదు, నాకే.

తెల్లవారుతుండగా, ఆడవాళ్ళు పెరట్లో నీళ్ళు తోడుకుంటున్న సమయంలో ఆ గది తలుపు కొంచెం తీశాను. లోపల అడుగు పెట్టలేదు. గడప బయటే గొంతుక్కూర్చుని, చెయ్యి చాచి, చెయ్యి అందిన చోట పిండి అంచున మూడు వేళ్ళు ముందుకి, బొటనవేలు వెనక్కి నొక్కాను. పిట్ట కాలు తయారైంది. తలుపు మూసి, మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయాను.

అందరూ వచ్చాక పిన్నమ్మ తలుపు తీసింది. అప్ప గోడ వారగా, పిండి తొక్కకుండా నడుచుకుంటూ గది అవతలి వైపుకి, దీపం దగ్గరకి, బావ మంచం ఉండే చోటికి వెళ్ళింది. అక్కడ వంగింది. మోకాళ్ళ మీద కూర్చుంది. చాలాసేపు చూసింది.

"వొచ్చేడు" అంది.

గట్టిగా అనలేదు.

"కోపం లేదు. సూడండి. కోపం లేదు."

బావ పోయాక ఆ మొహంలో అంత వెలుగు చూడటం నాకు అదే మొదలు. అది చూశాక కూడా ఆగకపోయానంటే, నా లోపల మనిషి అన్నవాడు ఆ క్షణంలో ఎక్కడున్నాడో నాకు తెలియదు.

బావ పెదనాన్న కొడుకు నా వైపు తిరిగాడు. "ఏటి మేస్టారూ, ఇప్పుడేటంటారు?"

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది. "ఆ కాలు నాదండి" అన్నాను. "పొద్దున్న నేనే వేశాను, ఈ వేళ్ళతో." చెయ్యి ఎత్తి చూపించాను. వాళ్ళు నమ్మలేదేమో అనిపించింది. అందుకని నేనూ గోడ వారగా లోపలికి వెళ్ళి, అప్ప పక్కన కూర్చుని, ఆవిడ చూస్తున్న చోట అరచేత్తో పిండిని ఒక్క తుడుపు తుడిచేశాను. తుడిచిన చోట వేళ్ళు నొక్కి, "ఇదిగో, ఇలాగ" అన్నాను. ఊళ్ళలో నిమ్మకాయ కోసి చూపించినట్టే.

అప్ప నా వేళ్ళ వైపు చూడలేదు. నా మొహం వైపు చూసింది.

"సూడకుండా చెరిపీసేవేటిరా" అంది.

లేచి, వచ్చినంత జాగ్రత్తగా గోడ వారగా నడిచి, జనం మధ్యలోంచి బయటికి వెళ్ళిపోయింది. పిన్నమ్మ జల్లెడ తీసి గోడకి బోర్లించి, "సదువుకున్న బిడ్డవి. నీకేటి సెప్తాం బాబూ" అంది. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నేను గదిలో ఒంటరిగా మిగిలాను.

బయటికి రాబోతూ గడప దగ్గర కిందకి చూశాను. పిండి అంచున నేను నొక్కిన పిట్ట కాలు అక్కడే ఉంది, చెక్కు చెదరకుండా, మూడు వేళ్ళు ముందుకి, బొటనవేలు వెనక్కి.

అంటే నేను తుడిచింది నాది కాదు.

గది అవతలి వైపు దాకా గడప బయట్నుంచి నా చెయ్యి అందనే అందదన్న సంగతి అప్పటిదాకా తట్టలేదు. నేను తుడిచింది ఏమిటో నాకు తెలియదు. బల్లి పాకి ఉండొచ్చు. ఎలుక తిరిగి ఉండొచ్చు. దీపం వత్తి చిటపటమని నూనె చుక్క పడి ఉండొచ్చు. తలుపు సందులోంచి గాలి వీచి ఉండొచ్చు. ఇన్నేళ్ళుగా ఇలాంటివన్నీ లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. వీటిలో ఏ ఒక్కటైనా సరిపోతుంది. బావ వచ్చాడని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. కానీ వీటిలో ఏదో ఒకటి అని చెప్పే హక్కు కూడా నేనే పోగొట్టుకున్నాను. చెయ్యి చాచినంత దూరంలో ఉన్నదాన్ని చూడకుండా నాదేనన్నాను.

ఆ క్షణంలో వసారాలోకి వెళ్ళి "పొరపాటు పడ్డాను, నాది ఇక్కడుంది" అని చెప్పి ఉంటే సగం తప్పు అక్కడే తీరేది. నేనేం చేశానంటే, కాలి బొటనవేలితో గడప దగ్గరి పిట్ట కాలుని రుద్దేశాను. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు.

తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళు కొళాయి దగ్గర అప్పని అడిగేవాళ్ళట, "ఏటమ్మా, పిట్ట మళ్ళీ వొచ్చిందేటి?" అని. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నవ్వుకోవడానికి నేను ఒక మాట ఇచ్చాను, వాళ్ళు వాడుకున్నారు. అప్ప ఆ గదికి తాళం పెట్టేసింది. నాతో మాట్లాడడం మానలేదు. అదొక్కటీ చేసి ఉంటే అర్థం చేసుకునేవాణ్ణి. మాట్లాడేది, కానీ "ఒరే" అనడం మానేసింది. "రండి మేస్టారూ, కూసోండి, భోంచెయ్యండి." మొదటిసారి వెటకారం అనుకున్నాను. కాదు. పరాయివాళ్ళని పిలిచినట్టు పిలిచింది, అంతే.

ఇంతటితో ఆగినా బాగుండేది. మా కార్యక్రమాల్లో నేను ఆ సంగతి చెప్పడం మొదలుపెట్టాను. పేర్లు లేకుండానే. "మా బంధువుల ఇంట్లో ఒకసారి" అని మొదలుపెట్టి, పిండి, దీపం, తెల్లవారి గుమ్మంలో జనం, చెయ్యెత్తి "ఆ కాలు నాదండి" అనడం. అక్కడ నవ్వులు ఖాయం. గడప దగ్గర కనిపించిన దాన్ని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చెప్పగా చెప్పగా నేను తుడిచింది నాదేనని నాకే నమ్మకం కుదిరింది. ఒక మనిషి తనకి తాను ఎలా అబద్ధం చెప్పుకుంటాడో విప్పి చూపించేవాణ్ణి కదా, నా సంగతి నాకు కనపడలేదు.

రెండు వేసవుల కిందట భోగాపురం దగ్గర ఒక ఊళ్ళో చెప్పాను. ఎయిర్‌పోర్టు లారీల దుమ్ములో షామియానా వేశారు. ఎవరో ఫోన్‌లో తీశారు. నవ్వులు బాగా పడ్డాయి కాబట్టి ఆ ముక్క వాట్సాప్‌లో తిరిగింది. అలా తిరిగి తిరిగి వంశధార పక్కకి చేరింది. పక్కింటి కోడలు అప్పకి చూపించింది.

అప్ప ఫోన్ చేసింది.

"వీడియో సూసేను మేస్టారూ. బాగా సెప్పేరు. నవ్వులు బాగా వొచ్చేయి."

"అప్పా..."

"నేను మాటాడిన మాట కూడా నాలాగే సెప్పేరు. 'కోపం లేదు, సూడండి' అనీసి. అచ్చు నా గొంతే. మీ బావ బతికుంటే మెచ్చుకుందురు." పెట్టేసింది.

ఆదివారం బస్సెక్కాను. ఎచ్చెర్ల దాటాక దిగిపోయి వెనక్కి వెళ్దామా అనుకున్నాను. శ్రీకాకుళంలో బస్సు మారుతూ స్టాండులో ఒక టీ తాగి, మళ్ళీ ఇంకో టీ తాగి, కళింగపట్నం బస్సొకటి కావాలనే వదిలేశాను.

అప్ప పెరట్లో పందిరి కింద గోనెపట్టా మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. నన్ను చూసి కుర్చీ చూపించింది. నేను గోనెపట్టా అంచున కూర్చుని, ఒక చింతకాయ తీసుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో బస్సులో కూడబలుక్కున్నదంతా పోయింది.

"ఆ రోజు నేను వేసింది గడప దగ్గర, అప్పా. నేను తుడిచింది నాది కాదు. బయటికొస్తుంటే చూశాను. చూసి, కాలితో చెరిపేశాను."

చెప్పాక ఆవిడ వైపు చూడలేకపోయాను. పిక్క గిన్నెలో పడిన చప్పుడు వినపడింది.

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"గడపకాడ పిట్టకాలు ఉన్నాది. లోపలికి వొస్తూనే సూసేను. కోడేదో దూరిందనుకుని దాటీసి ఎల్లేను. నువ్వు సేతి ఏళ్ళు సూపించేవు గదా, అప్పుడు తెలిసింది ఆ కోడి ఎవరో."

నా చేతిలో చింతకాయ అలాగే ఉండిపోయింది. "మరి అప్పుడే అందరి ముందూ ఎందుకు అనలేదు?"

"అంటే నీకు సిగ్గు గదా" అంది. "అంత మందిలో. నీకు పేరున్నాది. నా తమ్ముడివి."

ఆవిడ పరువు నేను తీస్తున్న నిమిషంలో ఆవిడ నా పరువు కాపాడుతూ కూర్చుంది. ఆ ఒక్క మాట అనకపోవడం వల్లే కొళాయి దగ్గర నవ్వులన్నీ ఆవిడ భరించింది. తర్వాత నేను ఊరూరా తిరిగి ఆవిడ గొంతు అనుకరించాను.

అప్పుడు గొళ్ళెం సంగతి చెప్పాను. అంతవరకూ ఎవరికీ చెప్పనిది. కంచం కడగడం, చప్పుడు, ఆ మధ్యలో ఆగడం.

అప్ప పని ఆపకుండానే, "గాలేమోరా" అంది. "మీ గేటు ముందునుంచీ వొదులే గదా."

"గాలి లేదప్పా. ఎదురింటి బట్టలు కూడా కదలడం లేదు."

"కుక్క తోసిందేమో."

"కుక్క అలా ఆగదు. బావ ఎలా ఆగేవాడో నీకు తెలుసు కదా."

అన్నాక నా గొంతు నాకే వింతగా వినపడింది. చిన్నపిల్లాడిలా బతిమాలుతున్నాను. నమ్మమని కాదు, కనీసం గాలి అని తీసెయ్యొద్దని. అది కోరుకునే మనిషి ఎదురుగా ఎలా కూర్చుంటాడో, ఎలా కనపడతాడో అన్నేళ్ళు షామియానాల కింద చూస్తూనే ఉన్నాను.

అప్ప చెయ్యి ఆపింది. "తరవాత మళ్ళీ ఎప్పుడైనా అలాగ మోగిందేటి?"

"లేదు."

"మరి గాలో కాదో తెలిసిపోనాది గదా."

"ఆ రోజే తీగతో కట్టేశాను."

కాసేపు నన్ను చూసి, మెల్లగా నవ్వింది. "అదీ చెరిపీసేవన్నమాట."

నేనూ నవ్వబోయాను, రాలేదు. ఎన్నాళ్ళుగానో అడగాల్సింది అప్పుడు అడిగాను. "ఆ రోజు నువ్వేం చూశావప్పా?"

కాకి ఒకటి పిక్కల గిన్నె దగ్గరికి వస్తే అప్ప తోలేసింది.

"ఆ రోజు అడిగుంటే సెబుదును. అప్పుడు కళ్ళ ముందు ఉన్నాది. తరవాత రోజూ తలుసుకున్నాను. పడుకున్నా అదే, లేసినా అదే. తలుసుకుని తలుసుకుని, సూసిందేటో, సూడాలనుకున్నదేటో కలిసిపోనాయిరా. ఇప్పుడు సెప్తే అబద్దం సెప్పినట్టు ఉంటాది. నేను సెప్పను."

ఆవిడ అంత కచ్చితంగా ఉండగలిగింది, తనకి ఎంతో కావాల్సిన దాని విషయంలో. నాకు అస్సలు అక్కర్లేని దాని విషయంలో నేను అబద్ధమాడాను.

పొద్దు వాలుతోంది. బస్సు వేళైంది. లేవబోతుంటే అప్ప అడిగింది:

"గొళ్ళెం మోగినప్పుడు నువ్వేటన్నావు?"

"ఏమన్నాను... 'వస్తన్నాను బావా' అన్నాను."

"పైకే అన్నావా?"

"పైకే. గేటు కూడా తీశాను."

అప్ప కళ్ళు చింతపండు మీదే ఉన్నాయి, వేళ్ళు మాత్రం కదలడం లేదు.

"పలికేవన్నమాట" అంది. "గాలో, కుక్కో, ఆయనో. ఎవరైతేనేటి, మనింట్లోంచి ఒకరు పలికేరు."

పైటతో మొహం తుడుచుకుంది. కాసేపటికి, కోపంగానే, "ఇది అప్పుడే సెప్పొచ్చు గదరా" అంది. "ఇన్నేళ్ళు దాసుకున్నావేటి, దొంగసచ్చినోడా."

చింతపండు ఒక సంచిలో కట్టి ఇచ్చింది. పట్టుకుని బస్సెక్కాను.

ఆ వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది. మొన్న కాలేజీ గ్రూపులో ఎవరో మళ్ళీ పెట్టి, కింద నవ్వుల బొమ్మలు పెట్టారు. అందులో ఉన్నది పూర్తి నిజం కాదని కింద రాశాను. ఎవరూ పట్టించుకోలేదు. తర్వాతి కార్యక్రమంలో గడప దగ్గరి సంగతి కూడా కలిపి చెబుదామనుకున్నాను. కానీ అప్ప గొంతుని మళ్ళీ నా నోట్లో పెట్టుకోలేకపోయాను. నిమ్మకాయ వరకే చూపించి దిగిపోయాను.

గేటుకి కట్టిన తీగ విప్పేశాను. తుప్పు పట్టి చేతిలోనే విరిగింది. సముద్రం వైపు నుంచి గాలి లేచిన సాయంత్రాల్లో గొళ్ళెం కొట్టుకుంటుంది. పుస్తకం పక్కన పెట్టి వింటాను. ఆ మధ్యలో ఆగడం ఇంతవరకూ వినపడలేదు. వినపడితే ముందు పలుకుతాను. తర్వాత వెళ్ళి చూస్తాను. చూశాక అప్పకి ఫోన్ చేస్తాను. ఏం విన్నానో చెబుతాను, అప్పుడు గాలి ఉందో లేదో అదీ చెబుతాను.